మా ఆయన్ని ఇంటింటికీ చూపించిన రోజు

మా ఆయన బతికుండగానే కడపలో తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఆయన్ని చనిపోయిన మనిషి కింద జమకట్టేశారు. ఆ సంగతి అందరికంటే చివర తెలిసింది నాకే. ఇన్నేళ్ళ తర్వాత రాయడానికి కూర్చుంటే మధ్యమధ్యలో నవ్వు కూడా వస్తోంది. ఆ నవ్వు చివరిదాకా ఉండదని మాత్రం ముందే చెప్పేస్తున్నాను.

ఇది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, పెళ్ళయి ఏడాదిన్నర. మా తాతల నాటి నుంచి మాది క్రైస్తవ కుటుంబం. మా ఆయన బద్వేలు అవతల ఒక పల్లెలో మిషనరీ దొరల బడికి పంతులు. ఆ పల్లెలో పంతులుగారికి వేరే ఇల్లంటూ లేదు. పగలు పిల్లలు కూర్చునే గదిలోనే రాత్రి బల్లలు ఒక పక్కకి జరిపి చాప పరుచుకునేవారు. అక్కడ కాపురం ఎట్లా పెట్టేది? అందుకని నేను కడపలో మా అమ్మ దగ్గరే ఉండిపోయాను. ఆయన నెలకొకసారి శనివారం పొద్దుగూకే వేళకి బస్సు దిగేవారు. ఆదివారం చర్చికి వచ్చి, సోమవారం మొదటి బస్సుకే వెళ్ళిపోయేవారు. మా వీధివాళ్ళూ చర్చివాళ్ళూ తప్ప ఊళ్ళో ఆయన ముఖం చూసినవాళ్ళు లేరు.

నాకు కుట్టుపని నేర్పింది దొరసాని బడిలోనే. అక్కడి దొరసానమ్మ ఒక క్రిస్మస్ రోజున నన్ను పిలిచి, చేత్తో తిప్పే కుట్టుమిషను ఒకటి నా ముందు పెట్టింది. దాంతోపాటు ఒక షరతు కూడా పెట్టింది. వచ్చే క్రిస్మస్ నాటికి ఊళ్ళో పది ఇళ్ళు నాకు వాడిక ఇళ్ళు కావాలి. అంటే ఆ ఇంటి బట్టలన్నీ నా చేతే కుట్టించుకోవాలి. పది ఇళ్ళయితే మిషను నాది, కాకపోతే ఇంకో పిల్లది. ఏడాది ఎందుకు, ఆరు నెలలు చాలు అన్నాను. నా నోటికి తొందర ఎక్కువ.

ఆ మాట ఎంత తెలివితక్కువదో రెండు వారాల్లోనే తెలిసొచ్చింది. బజార్లో కుట్టేవాళ్ళంతా మగవాళ్ళు. ఆడవాళ్ళు అక్కడికి పోరు. పాత రవిక ఒకటి మగవాళ్ళ చేత పంపిస్తే దాన్ని పరిచి కొత్తది కత్తిరించేవాళ్ళు. పాతది చంక దగ్గర పట్టేసేదైతే కొత్తదీ అక్కడే పట్టేసేది. ఇంటికే వచ్చి కొలత తీసుకునే ఆడమనిషి ఉంటే ఎగబడరా అనుకున్నాను. ఒక బుట్టచేతుల రవిక, ఒక పసిపిల్ల గౌను, కుచ్చుల లంగా మూటగట్టుకుని వీధి వీధీ తిరిగాను. ఎవరూ ఎగబడలేదు. ఒకామె బుట్టచెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసి, ఇందులో ఏం పోసుకుంటారని అడిగింది. ఇంకో ఇంట్లో మూట విప్పకముందే తలుపేశారు. లోపలి మనిషి ఒకరు చేయి పట్టుకుని తీసుకుపోతే తప్ప బయటి మనిషికి గడప దాటే వీలు లేదని నాకు అర్థమైంది. ఆ చెయ్యి ఎక్కడ దొరుకుతుందో మాత్రం అర్థం కాలేదు.

ఎక్కడా ఆశ పెట్టుకోని ఇంట్లో దొరికింది. భూములున్న కుటుంబం వాళ్ళ పెద్ద మిద్దె అది. అరుగు మీద ఒక ముసలామె చింతపండులో గింజలు తీస్తోంది. తెల్లచీర తల మీదుగా కప్పుకుని ఉంది, ఒంటి మీద రవిక లేదు. రవికే తొడగని మనిషితో నాకేం పని అనుకుని వెనక్కి తిరగబోయాను. ఆమె పిలిచింది. పిలిచి, నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఆమెకి ఏం కనిపించిందో ఇప్పుడు చెప్పగలను. బొట్టు లేని నుదురు, గాజులు లేని చేతులు, పూలు లేని జడ, తెల్ల చీర, తెల్ల రవిక. దొరసాని బడిలో చదివిన ఆడపిల్లల ఉడుపే అది. మావాళ్ళు బొట్టూ గాజులూ వదిలి రెండు తరాలైంది. పెళ్ళి గుర్తు అంటే నా వేలికున్న సన్నటి ఉంగరం, అంతే.

యా బడిలో నేర్చినావని అడిగింది. దొరసాని బడిలో అన్నాను. ఆమె తల ఆడించింది. భర్త పోయి దిక్కులేని చిన్నపిల్లల్ని కొందరిని ఆ బడి ఆవరణలోనే ఉంచి కుట్టుపని నేర్పేవాళ్ళు. అది నాకూ తెలుసు. మూట చంకన పెట్టుకుని ఆ బడి నుంచి వచ్చే ప్రతి ఆడపిల్లనీ ఊరు ఆ లెక్కలోనే వేస్తుందని మాత్రం నాకు తట్టలేదు.

“ఇంత చిన్న వయసులో ఒక్కదానివే ఎండలో తిరుగుతాండావా. ఇట్లొచ్చి నీడకు కూసో పాపా,” అంది.

నా కష్టాన్ని మెచ్చుకుంటోందనుకుని సంతోషంగా వెళ్ళి కూర్చున్నాను. తనని జేజి అని పిలవమంది. మా సీమలో నాయనమ్మని అట్లా అంటారు. మర్నాడు సాయంత్రం నుంచి జేజి నా మణికట్టు పట్టుకుని ఇళ్ళకి తిప్పడం మొదలుపెట్టింది. నన్ను పంచలో కూర్చోబెట్టి తను లోపలికి పోయేది. లోపల ఏం మాట్లాడేదో నాకు వినపడేది కాదు. కాసేపటికి ఆ ఇంటి కోడలో కూతురో బట్ట చేత్తో పట్టుకుని వచ్చేది. కళ్ళు తడిగా ఉండేవి. వంటింట్లో పొగ అనుకునేదాన్ని.

దసరా నాటికి తొమ్మిది ఇళ్ళయ్యాయి. ఒక్క ఇల్లు తక్కువ. ఆ రోజుల్లో నేను నేల మీద నడవలేదు. అయితే ఆ ఇళ్ళల్లో కొన్ని పద్ధతులుండేవి. పొద్దున పూట రావద్దనేవాళ్ళు. వచ్చినా పెరటి వాకిట్లోంచి రమ్మనేవాళ్ళు. మా మతం వల్ల కాబోలు అని సర్దుకున్నాను. పిల్లల గౌన్లు, లంగాలు, రోజూ తొడుక్కునే రవికలు బోలెడన్ని ఇచ్చేవాళ్ళు గానీ పెళ్ళి రవిక మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. అవి బజారుకే పోయేవి. నా చేతికి ఇంకా ఆ నాణ్యం రాలేదని బాధపడి, ఇంట్లో కుట్టిందే విప్పి మళ్ళీ కుట్టేదాన్ని.

ఇంకొకటి కూడా గమనించాను. ఇంటికి వచ్చిన ఏ ఆడమనిషికైనా వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టకుండా పంపరు. నాకు మాత్రం చేతిలో నాలుగు వేరుశనక్కాయలో ఒక బెల్లం ముక్కో పెట్టి పంపేవాళ్ళు. బొట్టు భరిణె నా వైపు ఎప్పుడూ రాలేదు. మా విశ్వాసాన్ని వీళ్ళు ఎంత గౌరవిస్తున్నారు అని నేను మురిసిపోయాను. ఊరుకోక మా పాస్టరమ్మగారికి కూడా చెప్పాను. ఆమె దేవునికి స్తోత్రం అంది. నేనూ అన్నాను.

జేజి దగ్గర మాత్రం పని లేకపోయినా కూర్చునేదాన్ని. మధ్యాహ్నం పూట వాళ్ళ వెనక పంచలో నేను రవికలకి గుండీల కాజాలు కుడుతుంటే ఆమె ఎదురుగా కూర్చుని తన కథ చెప్పేది. పద్దెనిమిదో ఏట భర్త వాంతిభేదితో పోయాడు. అప్పటికి కొడుకు పాలు తాగే బిడ్డ. ఎవరు గాజులు పగలగొట్టారో, ఎవరు ముఖం తిప్పుకున్నారో, తన చెల్లెలి పెళ్ళిలో తను ఏ కొట్టుగదిలో కూర్చుందో అన్నీ చెప్పేది. ఇవేవీ కొడుక్కి గానీ కోడలికి గానీ ఎప్పుడూ చెప్పలేదంది. ఒకసారి నా ఉంగరం మీద వేలు పెట్టి, ఇదొక్కటన్నా ఉంచుకుంటివి అంది. పేదరాలిని కదా, అందుకని అంటోంది అనుకున్నాను. మా ఆయన గురించి ఒక్క మాట కూడా అడిగేది కాదు. నేనూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే, పంతులుగారు బడి గదిలో చాప వేసుకుని పడుకుంటారని ఆ పెద్దింట్లో చెప్పుకోవడం నాకు నామోషీ. ఆ నామోషీయే లేకపోతే ఇంత దూరం వచ్చేది కాదు. ఈ తప్పు నాదే, ఎవరి మీదా తోయను.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం జేజి పంచ తలుపు దగ్గరగా వేసి వచ్చింది. గొంతు తగ్గించి, నాకొక రవిక కుడతావా అని అడిగింది. నేను నమ్మలేక చూశాను. యాభై ఏళ్ళుగా చలిలో చీర కొంగే కప్పుకుని గడిపిన మనిషి. నా రవిక చెయ్యి పట్టుకుని బట్టని రెండు వేళ్ళతో నలిపి చూసింది.

“తెల్లదే కుట్టు. నువ్వేసుకుంటాండావు గదా, నీకేం కాలా. నేను గూడ ఏసుకుంటా,” అంది.

కొలత తీస్తుంటే భుజం మీద నా చెయ్యి తగిలినప్పుడల్లా ఆమె ఒళ్ళు వణికింది. మూడు రోజుల్లో కుట్టి ఇచ్చాను. గుండీలు పెట్టుకోవడం కూడా రాలేదు, నేనే పెట్టాను. పైన కొంగు కప్పుకుని లోపల చేతుల మీద చేతులు రుద్దుకుంటూ, పంచలో అటూ ఇటూ నడిచింది. అంత సంబరం ఎందుకో నాకప్పుడు తెలియలేదు. చలికి వెచ్చగా ఉందనే అనుకున్నాను.

అప్పటికే నాకు ఐదో నెల. నేను బక్కమనిషిని కాబట్టి అప్పటిదాకా తెలియలేదు గానీ, ఆ నెలలో కడుపు బయటపడింది. నేను దాచుకోలేదు, దాచాల్సిన సంగతి కాదు కదా. జేజికి నేనే చెప్పాలని ఒక పసిపిల్ల టోపీ కుట్టుకుని కూడా తీసుకుపోయాను. జేజి పడుకుంది అని కోడలు గుమ్మంలోనే చెప్పింది. తలుపు సందులోంచి జేజి పాదాలు కనిపిస్తూనే ఉన్నాయి.

తర్వాత ఒక్కొక్క ఇల్లే మూతపడింది. ఒక ఇంట్లో కుట్టాల్సింది ఏమీ లేదన్నారు. రెండో ఇంట్లో నాకిచ్చిన బట్ట కత్తిరించకముందే వెనక్కి అడిగి తీసుకున్నారు. మూడో ఇంట్లో నన్ను చూడగానే ఆటాడుకుంటున్న పిల్లని లోపలికి లాక్కున్నారు. వారం తిరిగేసరికి నాకు ఒక్క ఇల్లూ లేదు. క్రిస్మస్ ఐదు వారాల్లో ఉంది. కుట్టులో ఏం తప్పు చేశాను, ఎవరి బట్ట చెడగొట్టాను అని ఇంట్లో ఉన్న ప్రతి ముక్కా దీపం దగ్గర పెట్టి వెతికాను. నాకు పిచ్చెక్కినట్టయింది.

ఆ తొమ్మిది ఇళ్ళల్లో ఒకామె నోరు పెద్దది. ఏదున్నా ముఖం మీదే అనేస్తుంది. ఆమె ఇంటికి పోయి పెరటి మెట్టు మీద కూర్చుని, కారణం చెప్పేదాకా లేవనన్నాను. ఆమె కాసేపు అంట్లు తోముతున్నట్టు నటించింది. తర్వాత చెయ్యి కడుక్కుని నా కడుపు వంక చూసింది.

“సిగ్గు లేదామే నీకు? మొగుడు సచ్చినోళ్ళు మా ఇండ్లల్లో గూడ ఉండారు. నీ మాదిరి కడుపు తెచ్చుకోని ఊరంతా తిరగల్యా.”

ఎవరి మొగుడు? ముందు నాకు వచ్చిన ఆలోచన, బద్వేలు నుంచి ఏదైనా కబురు వచ్చిందా, నాకంటే ముందు ఈమెకి తెలిసిందా అని. మెట్టు పట్టుకుని లేచాను. మా ఆయన చచ్చిపోయినాడని ఎవరన్నారు అని అడిగాను.

“ఎవురు చెప్పాల? నిన్ను జూస్తే తెలీదా?” అంది ఆమె.

అంతే. ఆ ఒక్క మాటతో ఏడాదంతా నా కళ్ళ ముందు తిరగబడింది. పంచలోకి తడికళ్ళతో వచ్చిన కోడళ్ళు, పెరటి వాకిలి, పొద్దున రావద్దన్న మాట, బజారుకి పోయిన పెళ్ళి రవికలు, నా వైపు రాని బొట్టు భరిణె. నా పనితనం చూసి తలుపులు తెరిచారనుకున్నాను. మా ఆయన చావు చూసి తెరిచారు. ఆయనేమో అదే సమయంలో బద్వేలు అవతల పిల్లలకి ఎక్కాలు చెప్పుకుంటూ ఉండి ఉంటారు.

ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ గుండెలు బాదుకుంది. పాస్టరమ్మగారు పాస్టరుగారి చేత ఒక చీటీ రాయించి ఇంటింటికీ పంపుదామన్నారు. చదవడం రాని ఆడవాళ్ళకి చీటీ ఎందుకు? కళ్ళతో చూసి చంపారు, కళ్ళతో చూసే బతికించాలి అన్నాను. ఆయన వచ్చే శనివారం దాకా ఎట్లా గడిపానో నాకే తెలియదు.

ఆయన గొడుగు మూలన పెట్టి ఇంకా కాళ్ళు కడుక్కోలేదు, రేపు నాతో తొమ్మిది ఇళ్ళకి రావాలన్నాను. ఎందుకన్నారు. మీరు బతికే ఉన్నారని చూపించడానికి అన్నాను. మొత్తం విన్నాక ఆయన చేతిలో చెంబు కింద పెట్టేశారు. చనిపోయి తనంతట తాను తిరిగి లేచినవాడు ప్రభువు ఒక్కడే, నన్ను ఆయన వరసలో పెట్టకు అన్నారు. నలుగురిలో తల ఎత్తని మనిషి. నా మీద కోపం వచ్చినా ఆదివారం ఆరాధన అవగానే తన పెళ్ళికోటు తనే అడిగి తొడుక్కున్నారు.

మొదట ఆ పెద్ద నోటి ఆమె ఇంటికే పోయాం. ఆ ఇంట్లో మొదటిసారి వీధి గుమ్మంలోంచి పిలిచాను. ఆమె తలుపు చాటు నుంచి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఎవర్నో ఎంటబెట్టుకోని వచ్చినావు, నాకేం తెలుసు అంది. మనిషిని తెచ్చి నిలబెడితే కూడా నమ్మకపోతే ఇంక దేన్ని చూపించను? అంతలో లోపల భోంచేస్తున్న ఆమె అల్లుడు చెయ్యి కడుక్కుని వచ్చాడు. వాళ్ళది బద్వేలు వైపు. మా ఆయన్ని చూడగానే, అయ్యవారా, మీరీడ ఉండారేం అన్నాడు. వాళ్ళ అన్న పిల్లలకి చదువు చెప్పేది ఈయనే. ఆమె రెండు లెంపలూ వేసుకుంది. తర్వాత లోపలికి పోయి కూతురి సీమంతం రవిక బట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. పక్క వీధిలో ఉన్న అల్లుడి అక్క కూడా ఆ పూటే రెండు బట్టలు పంపింది. అది పదో ఇల్లు.

మేము నడిచేదానికంటే కబురు ముందు నడిచింది. మిగతా ఇళ్ళల్లో ఆడవాళ్ళు గుమ్మాల్లోనే కాచుకుని ఉన్నారు. నవ్వారు, ఏడ్చారు, ఒకామె మా ఆయనకి గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చి తాగేదాకా నిలబడి చూసింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. జేజి ఇల్లు మాత్రం నేను చివరికి పెట్టుకున్నాను. ఆమె అందరికంటే ఎక్కువ సంతోషిస్తుందని, ఆ సంతోషం తీరిగ్గా చూడాలని నా ఆశ.

జేజి కోడలు నవ్వుతూ కుంకుమ భరిణె పట్టుకుని ఎదురొచ్చింది. నేను ఒక అడుగు వెనక్కి వేసి, మాలో పెట్టుకోరని చెప్పాల్సి వచ్చింది. మొగుడుండి గూడానా అని ఆమె నిర్ఘాంతపోయింది. జేజి ఏదీ అన్నాను. ఆమె తలుపు వైపు చూసింది. తలుపు వెనక నుంచి జేజి గొంతు వచ్చింది.

“నేను రాను పాపా. కడుపుతో ఉండావు, మొగుని పక్కన నిలబడినావు. నేను ఎదురు రాగూడదు.”

ఏడాదిగా ఎదురుగానే కూర్చున్నావు కదా జేజీ, నాకేమైంది అన్నాను.

“తెలీక కూసుంటి. ఆ భయమే నాకు. ఇంటికి పోయి ఆ అబ్బయ్యకు దిష్టి తీయించు.”

ఆమె గొంతులో కోపం లేదు. అబద్ధం చెప్పావని నిష్ఠూరం కూడా లేదు. తను ఎదురుగా కూర్చున్నందువల్ల నా మొగుడికి ఏమవుతుందో అన్న భయం ఒక్కటే ఉంది. కోడలు లోపలికి పోయి మడత పెట్టిన తెల్లబట్ట ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టింది. ఇదేందో నీకిచ్చెయ్యమంటాంది అంది. నేను కుట్టిన రవిక. ఉతికి, ఆరేసి, గుండీలు పెట్టి మడిచింది.

“నువ్వేసుకుంటాండావు గదాని ఏసుకుంటి,” అంది జేజి లోపలి నుంచి. “నువ్వు వేరే, నేను వేరే.”

మాలో భర్త పోయినవాళ్ళు కూడా రవిక వేసుకుంటారు జేజీ, దానికీ దీనికీ సంబంధం లేదు, తొడుక్కో అని తలుపుకి చెప్పాను. రెండుసార్లు చెప్పాను. తలుపు వెనక గాజులు లేని చేతులు, చప్పుడు రాలేదు. వచ్చే దారిలో మా ఆయన అదెవరి రవిక అని అడిగారు. నేను దాన్ని కొంగు కింద పెట్టుకున్నాను.

ఆ క్రిస్మస్‌కి దొరసానమ్మకి పది ఇళ్ళూ లెక్క చెప్పాను. మిషను నాదైంది. పెళ్ళి రవికలు కుట్టి కుట్టి వేళ్ళు కాయలు కాచాయి. జేజి వాళ్ళింటికి ఎన్నిసార్లు పోయినా ఆమె నా ఎదుటికి రాలేదు. నా బిడ్డని లోపలికి తెప్పించుకుని ముద్దాడి పంపేది. తన దుప్పటిలో చుట్టి పంపేది. నన్ను మాత్రం చూడలేదు. నాలుగేళ్ళకి ఆ తలుపు వెనకే పోయింది. ఏడాదిపాటు నాకు తన కథంతా చెప్పిన మనిషి. నా మొగుడు బతికున్నందుకు నన్ను పోగొట్టుకుంది.

దేశానికి స్వతంత్రం వచ్చే ముందు వేసవిలో మా ఆయన జ్వరంతో పోయారు. ఆ రోజు నా ఒంటి మీద నుంచి తియ్యడానికి ఏమీ లేదు. అదే నుదురు, అవే చేతులు, అదే తెల్లచీర. వారం తర్వాత పని కోసం వీధిలోకి వచ్చాను. మా వీధి దాటాక నన్ను చూసినవాళ్ళెవరికీ ఏమీ తెలియలేదు. ఒకామె పెళ్ళి రవిక బట్ట ఇచ్చి, ఎప్పటికి కుడతావని అడిగింది. శుక్రవారానికి ఇస్తానన్నాను. ఇంటికి వచ్చి పెట్టె తీసి జేజి రవిక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు ఆమె బతికి ఉంటే, తలుపు తీసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చునేది.